బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు: మన పిల్లలకి బొమ్మల పుస్తకాలు ఎంచుకోవడం ఎలా

ఒడిశాలో ఉన్న మా పర్లాకిమిడిలో గానీ, అటు గుణుపురం, రాయగడల్లో గానీ, ఇటు బరంపురంలో గానీ తెలుగిళ్ళలో పుట్టిన పిల్లల సంగతి ఇంచుమించు ఒకటే. ఇంట్లో తెలుగు, వీధిలో సగం సగం, బడికి వెళ్ళాక ఒడియా లేదా ఇంగ్లీషు. తెలుగు అక్షరం వాళ్ళ కంట పడేది సినిమా పోస్టరు మీదో, సరిహద్దు దాటి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్ళినప్పుడు దుకాణాల బోర్డుల మీదో. పెద్దవాళ్ళలో కూడా ఒడియా మీడియంలో చదివినవాళ్ళు చాలామంది ఉన్నాం, తెలుగు గడగడా మాట్లాడతాం కానీ చదవమంటే కూడబలుక్కుంటాం. నేనూ అంతే. మా పెద్దమ్మాయి పుట్టాక, దానికి చదివి వినిపించాలన్న పట్టుదలతో కూర్చుని వత్తులు సరిగ్గా నేర్చుకున్నాను.

కాబట్టి "చిన్నపిల్లలకి ఏ పుస్తకాలు కొనమంటారు" అని అడిగితే, విశాఖపట్నంలోనో హైదరాబాదులోనో ఉన్నవాళ్ళకి చెప్పే జవాబు మనకి సగమే పనికొస్తుంది. ఎనిమిదేళ్ళుగా ఇద్దరు పిల్లలతో, కొన్నవీ, ప్రింటు తీయించినవీ, చుట్టాలిళ్ళ నుంచి అడిగి తెచ్చుకున్నవీ అన్నీ చదివాక నాకు అర్థమైంది ఒకటే. ఆ పుస్తకం పట్టుకుని మన ఇంటి తెలుగులో పిల్లలతో ఎంతసేపు మాట్లాడగలమో చూసి ఎంచుకోవాలి, లిపి ఏదన్నది ఆ తర్వాతి మాట. పుట్టిన దగ్గర్నుంచి ఆరేళ్ళ దాకా ఉన్న పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని, ఏ పని తర్వాత ఏ పని చేయాలో వరసగా చెబుతాను.

ముందు, చదివేది ఎవరో చూసుకోండి

పుస్తకం కొనబోతే దుకాణంలో అడిగే మొదటి మాట పిల్లల వయసెంత అని. నేను మాత్రం రోజూ ఆ పుస్తకం పట్టుకుని కూర్చునేది ఎవరు అని ముందు అడుగుతాను. మా ఇంట్లో పగలంతా పిల్లల్ని చూసుకునేది మా అత్తగారు. ఆవిడకి ఏ లిపీ రాదు. పేజీకి ఎనిమిది లైన్లున్న పుస్తకం చేతిలో పెడితే "ఇదేటో నాకేటి తెలుసు" అని పక్కన పెట్టేసేవారు. ఒకసారి మాటలే లేని బొమ్మల పుస్తకం ఒకటి తెచ్చి ఇచ్చాను. ఆవిడ కాసేపు తనొక్కరే పేజీలన్నీ తిప్పి చూసుకుని, తర్వాత మా చిన్నోడిని ఒళ్ళో వేసుకుని, "సూడు గుంటడా, ఈ ఏనుగు ఎక్కడికెల్తందో తెల్సా, మన జీడితోట కాడికే" అని మొదలుపెట్టారు. ఆ పుస్తకంలో జీడితోట లేదు. కథ మాత్రం మూడు రోజులు సాగింది, రోజుకో రకంగా, మధ్యలో తన చిన్నప్పుడు ఏనుగులు చేలోకి వచ్చిన రాత్రి కూడా కలిసిపోయింది, వాడు నోరు తెరుచుకుని విన్నాడు.

మీ ఇంట్లో కూడా అమ్మమ్మో నాయనమ్మో చూసుకుంటుంటే మాటల్లేని పుస్తకాలు, లేదా పేజీకి ఒక్క లైనున్నవి తీసుకోండి. మీకు ఒడియా బాగా వచ్చి తెలుగు నెమ్మదిగా వస్తుంటే మంచి బొమ్మలున్న ఒడియా పుస్తకం కొని తెలుగులో చెప్పండి, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. ఇంగ్లీషు పుస్తకమైనా అంతే. ఏనుగు బొమ్మ చూసి ఏనుగు అంటే ఏనుగు, హాతీ అంటే హాతీ. నాన్న రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చి చదివే ఇల్లయితే ఐదు నిమిషాల్లో అయిపోయే పుస్తకం కావాలి, లేకపోతే చదివే ఆయనకి నిద్ర, వినేవాడికి ఏడుపు.

అక్షరాలు అరచేత్తో మూసి బొమ్మలు చూడండి

దుకాణంలో పుస్తకం చేతిలోకి తీసుకోగానే నేను చేసే పని ఇది. అక్షరాలున్న చోట అరచెయ్యి అడ్డం పెట్టి మొదటి పేజీ నుంచి చివరిదాకా బొమ్మలు మాత్రమే చూస్తూ వెళ్ళండి. ఏం జరుగుతోందో తెలుస్తోందా? ఎవరు ఎవరి మీద కోపంగా ఉన్నారో, ఏది పోయిందో, ఏది దొరికిందో బొమ్మ చూసి చెప్పగలుగుతున్నారా? చెప్పగలిగితే ఆ పుస్తకాన్ని చదువు రానివాళ్ళు కూడా చెప్పగలరు, రెండేళ్ళ పిల్ల కూడా కొన్నాళ్ళకి తనే చెప్పగలదు.

తర్వాత చెయ్యి తీసేసి అక్షరాలు చదవండి. ఇప్పుడు చూడాల్సింది, మాట చెప్పనిది బొమ్మ ఏమైనా చెబుతోందా అని. మాటల్లో "పాప నీళ్ళకి బావి దగ్గరికి వెళ్ళింది" అని ఉండి, బొమ్మలో పాప వెనకాల మేకపిల్ల ఆరేసిన తువ్వాలు నములుతూ కనిపిస్తే, ఆ మేకని ముందు చూసేది మీరు కాదు, మీ పిల్ల. వేలు పెట్టి చూపించి కేరింతలు కొడుతుంది. మన కళ్ళు అక్షరాల మీద ఉంటాయి, వాళ్ళ కళ్ళు బొమ్మ మీద, అందుకని ఆ మూల దాగిన సంగతి వాళ్ళ సొంతం. బొమ్మలో పాప, బావి, బిందె తప్ప ఇంకేమీ లేకపోతే రెండోసారికే చూడ్డానికి ఏమీ మిగలదు.

ఇంకో రెండు చిన్న పరీక్షలు. మొదటి పేజీలో ఆకుపచ్చ గౌను వేసుకున్న పాప, కారణం లేకుండా నాలుగో పేజీలో ఎర్ర గౌనులో ఉందా? పిల్లలు పట్టుకుంటారు, "ఈ పాప ఎవరు" అని అడుగుతారు, కథ అక్కడే ఆగిపోతుంది. ముఖాలు చూడండి, భయపడిన ముఖానికీ నవ్వే ముఖానికీ తేడా లేకుండా కంప్యూటర్లో అతికించినట్టున్న బొమ్మలైతే వదిలేయండి. ఒకసారి నేను జాతరలో ఒక దుకాణంలో నాలుగు పుస్తకాల సెట్టు, తక్కువకి వస్తోందని, లోపల చూడకుండా కొన్నాను. ఇంటికొచ్చి విప్పితే రెండు పుస్తకాల్లో బొమ్మలు అవే, కథలు మాత్రం వేరు. ఒక దాంట్లో రాజుగారిగా ఉన్నాయన రెండో దాంట్లో వర్తకుడు. మా పెద్దమ్మాయి అప్పటికి మూడేళ్ళది, అది ముందు కనిపెట్టింది, ఆ తర్వాత ఆ పుస్తకాలు ముట్టుకోలేదు. ప్లాస్టిక్ కవరు వేసి సీలు చేసిన సెట్లు కొనొద్దు, లోపల చూడనివ్వమని అడగండి.

అఆల పుస్తకాలు, పండ్లూ వాహనాలూ ఉన్న పటాల పుస్తకాలు, స్టేషనరీ దుకాణాల్లో దొరికేవి, ఏడాది పిల్లలకి పేర్లు చెప్పడానికి పనికొస్తాయి. అవి కథల పుస్తకాలకి బదులు కావు, అంతే.

వయసు లెక్క

అప్పుడే పుట్టిన బిడ్డకి దాదాపు 20 నుంచి 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నదే కాస్త స్పష్టంగా కనిపిస్తుంది, అంటే ఒళ్ళో ఉన్నప్పుడు మన ముఖం ఉండే దూరం. అప్పట్లో నలుపు తెలుపు పెద్ద గీతలు, ముఖాల బొమ్మలు చాలు, తెల్ల అట్ట మీద నల్ల స్కెచ్‌తో మీరే గీయొచ్చు. ఇంత చిన్నపిల్లలకి పుస్తకమేమిటి అని ఇంట్లో పెద్దలు నవ్వుతారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ అనే పిల్లల డాక్టర్ల సంఘం, పసితనం నుంచే చదివి వినిపించమని తల్లిదండ్రులకి చెప్పాలని 2014లో తమ డాక్టర్లకి సూచించింది, అవసరమైతే ఆ మాట చెప్పండి. బిడ్డకి కథ అర్థం కానక్కర్లేదు, మన గొంతు వింటే చాలు.

ఆరు నెలలు దాటాక పుస్తకం నోట్లోకి వెళ్తుంది. దళసరి అట్ట, గుండ్రటి మూలలు ఉండాలి, స్టేపులర్ పిన్ను ఉండకూడదు. ఏడాది నుంచి రెండేళ్ళ దాకా పేజీకి ఒక్క వస్తువు, ఇంట్లో కనిపించేదైతే మరీ మంచిది, చెంబు, చెప్పులు, కాకి, అరటిపండు.

రెండు నుంచి మూడున్నర, ఇదే అసలైన వయసు మనకి. మాటలు పొంగుతున్న కాలం, ఇంకా బడికి వెళ్ళలేదు, రోజంతా ఇంటి తెలుగు వినే చివరి రోజులు. ఈ వయసుకి ఒకే మాట మళ్ళీ మళ్ళీ వచ్చే పుస్తకాలు వెతకండి. ఆవు దగ్గరికి వెళ్ళి అడుగుతుంది, కుక్క దగ్గరికి వెళ్ళి అడుగుతుంది, కోడి దగ్గరికి వెళ్ళి అడుగుతుంది, ప్రతిసారీ అదే ప్రశ్న, ప్రతిసారీ "నేను చూడలేదమ్మా" అనే జవాబు. మూడో పేజీకల్లా పిల్ల ఆ జవాబు తనే చెప్పేస్తుంది, అలా ఒక పూర్తి తెలుగు వాక్యం, క్రియతో సహా, దాని నోట్లో పడుతుంది. విడివిడి పేర్లు వీధిలో ఒడియాలో కూడా వచ్చేస్తాయి. చూడలేదు, చూశాను, చూస్తావా అనే ఈ మలుపులు మాత్రం వింటే తప్ప రావు. మా చిన్నోడికి భూతకాలం అంతా ఒక పిల్లి పుస్తకంలోంచే వచ్చింది.

నాలుగేళ్ళు దాటితే ఏదో ఒక చిక్కు వచ్చి తీరే కథలు, కాస్త పొడుగువి, కాస్త భయపెట్టేవి కూడా పర్వాలేదు, పక్కన మీరుంటారు కదా.

ఒక పేజీ పైకి చదివి చూడండి

తెలుగు పుస్తకమే కొంటున్నట్టయితే దుకాణంలోనే ఒక పేజీ గొంతెత్తి చదవండి. ఎవరు చూస్తే ఏమిటి. నాలుక ఎక్కడ తట్టుకుంటుందో చూడండి. "కుందేలు ఇట్లు పలికెను", "వానరము వెడలిపోయెను" అని ఉంటే నేను తిరిగి అరలో పెట్టేస్తాను. మన పిల్లలకి తెలుగు వినపడేదే తక్కువ, ఆ తక్కువలో ఇంట్లో ఎవరూ అనని మాటలు పెడితే ఆ భాష మనది కాదేమో అనుకుంటారు.

ఈ సంగతి చెప్పడానికి మన ఊరికంటే తగిన ఊరు లేదు. గిడుగు వెంకట రామమూర్తి గారు (1863–1940) పాఠాలు చెప్పింది ఇక్కడే, పర్లాకిమిడి రాజావారి స్కూల్లో. మాట్లాడే తెలుగే పుస్తకాల్లో ఉండాలని ఆయన జీవితమంతా పోట్లాడారు. చుట్టుపక్కల కొండల్లోని సవరల భాష నేర్చుకుని, ఆ పిల్లలకి వాళ్ళ భాషలోనే వాచకాలు రాశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుతారు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మన ఊరు ఇటు వచ్చింది, కానీ పిల్లవాడికి ఇంటి భాషలో పుస్తకం కావాలని ఆయన ఇక్కడ కూర్చుని అన్న మాట నాకు ఇప్పటికీ పుస్తకాల అర ముందు నిలబడ్డప్పుడల్లా గుర్తొస్తుంది.

ఇప్పుడు దొరికే తెలుగు బొమ్మల పుస్తకాల్లో అనువాదాలు చాలా ఉంటాయి. అనువాదం తప్పేమీ కాదు, మంచి అనువాదాలు బోలెడున్నాయి. చెడ్డదాన్ని పట్టుకోవడం సులువు, "చింటూ అమ్మచేత ముద్దుపెట్టుకోబడ్డాడు" లాంటి వాక్యం ఒకటి కనిపిస్తుంది. అమ్మ చింటూని ముద్దుపెట్టుకుంది అంటాం కదా మనం. అలాంటివి పుస్తకంలో ఒకటో రెండో ఉండి బొమ్మలు చాలా బాగుంటే కొనండి, ఇంటికి తెచ్చి చిన్న కాగితం ముక్క మీద మీ మాటల్లో రాసి ఆ లైను మీద అతికించండి. నేను ఇలా చాలా పుస్తకాలకి చేశాను. మన యాసలో రాయండి, "ఏటి" అనాలనుంటే "ఏటి" అనే రాయండి.

అక్షరం సైజు కూడా చూసుకోండి, ముఖ్యంగా వత్తులు. చిన్న ఫాంటులో కింది వత్తు చుక్కలా కనిపిస్తే నాలాగా ఆలస్యంగా తెలుగు నేర్చుకున్నవాళ్ళకి ప్రతి లైనూ టెన్షనే. ముదురు రంగు బొమ్మ మీద నల్ల అక్షరాలు వేసిన పుస్తకం రాత్రి లైటులో అసలు కనపడదు.

బొమ్మల్లో మనుషులెవరో చూడండి

ప్రతి పుస్తకంలో మన ఊరే ఉండాలని నేను అనను. మంచు, పెంగ్విన్లు, ఓడలు కూడా కావాలి పిల్లలకి. కానీ ఇంట్లో ఉన్న పది పుస్తకాల్లో కనీసం నాలుగైదింట్లో తాటిచెట్లు, సంత, మేకలు, చామనఛాయ పిల్లలు, చీర కుచ్చిళ్ళు ఎగదోపి పని చేసే ఆడవాళ్ళు, అన్నం వండే మగవాళ్ళు కనిపించాలి. మంచివాళ్ళంతా తెల్లగా, దొంగలంతా నల్లగా ఉన్న పుస్తకాన్ని ఎంత తక్కువకి వచ్చినా కొనకండి. పిల్లలు అడగరు, కానీ చూస్తారు.

ఇంకొకటి, మన జిల్లాల్లో ఉన్నవాళ్ళం తప్పకుండా పట్టించుకోవాల్సింది. అడవి కథ అనగానే ఈకలు పెట్టుకుని మంట చుట్టూ గెంతే "ఆటవికుల" బొమ్మలు వేసే పుస్తకాలు ఇంకా వస్తున్నాయి. గజపతి, రాయగడ జిల్లాల్లో మన పిల్లల పక్క బెంచీలో కూర్చునేది సవర పిల్లలు, కోందు పిల్లలు. ఆ బొమ్మ చూసి వాళ్ళ స్నేహితుణ్ణి ఏమనుకోవాలి? అలాంటి పుస్తకం నేను దుకాణదారుకి చూపించి, ఇది ఎందుకు వద్దో చెప్పి మరీ తిరిగిచ్చాను.

సవరల గోడ బొమ్మలు మీరు చూసే ఉంటారు, ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో చిన్న చిన్న మనుషులు, గుర్రాలు, చెట్లు, సూర్యుడు చంద్రుడు. వాళ్ళకి అవి పూజకి సంబంధించినవి, ఆ గౌరవంతోనే చూడాలి. ఆ తీరులో వేసిన బొమ్మలు ఇప్పుడు కాగితం మీదా గుడ్డ మీదా కూడా దొరుకుతాయి. ఒకటి తెచ్చి పిల్లల మంచం పక్కన పెట్టండి. నిచ్చెన ఎక్కుతున్నది ఎవరు, ఈ కోతి ఏం చేస్తోంది, గుర్రం మీదున్నాయన ఎక్కడికి వెళ్తున్నాడు అని అడుగుతూ పోతే ఒక్క బొమ్మతో నెల గడుస్తుంది.

ఇక చివర "కాబట్టి పిల్లలూ, ఎప్పుడూ అబద్ధం ఆడకూడదు" అని పెద్దక్షరాల్లో ఉండే పుస్తకాలు. నేను కొనను. కథ బాగుంటే ఆ సంగతి పిల్లలకి కథలోనే తగులుతుంది. చుట్టాలెవరైనా బహుమతిగా ఇస్తే ఆ చివరి లైను చదవకుండా పుస్తకం మూసేస్తాను.

ఎక్కడ దొరుకుతాయి, ఎలా తెచ్చుకోవాలి

మన ఊళ్ళలో తెలుగు పిల్లల పుస్తకాలు దొరకడం కష్టం, ఇది అందరికీ తెలిసిందే. శ్రీకాకుళమో విశాఖో వెళ్ళేవాళ్ళకి చీటీ రాసివ్వండి, లేదా పోస్టులో తెప్పించుకోండి. పేర్లు చెబుతాను. నేషనల్ బుక్ ట్రస్టు, 1957లో పెట్టిన ప్రభుత్వ సంస్థ, తెలుగులోనూ ఒడియాలోనూ పిల్లల పుస్తకాలు వేస్తుంది, ధరలు తక్కువ. చెన్నైలోని తూలికా బుక్స్ 1996 నుంచి పిల్లల పుస్తకాలు వేస్తోంది, వాళ్ళ ప్రత్యేకత ఒకే పేజీలో తెలుగు, ఇంగ్లీషు రెండూ ఉండే పుస్తకాలు. ఇంగ్లీషు మీడియం పిల్లలున్న ఇంటికి ఇవి బాగా సరిపోతాయి, తెలుగు లైను చదువుతూ ఎక్కడైనా తడబడితే కిందున్న ఇంగ్లీషు చూసి సర్దుకోవచ్చు. హైదరాబాదులో మంచి పుస్తకం అనే సంస్థ ఉంది, పిల్లల పుస్తకాలే వాళ్ళ పని.

డబ్బు పెట్టలేకపోతే, లేదా కొనేముందు చూసుకోవాలంటే, స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు ఉంది. బెంగళూరులో 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్ అనే లాభాపేక్ష లేని సంస్థ 2015లో దీన్ని పెట్టింది. వేల కథలు, బొమ్మలతో సహా, ఉచితం. ఫోనులో తెరిచి భాష దగ్గర తెలుగు ఎంచుకోండి. కథలకి ఒకటి నుంచి నాలుగు వరకు లెవెళ్ళు ఉంటాయి, మొదటిది పేజీకి కొన్ని మాటలే ఉండేది, నాలుగోది బాగా చదవడం వచ్చినవాళ్ళకి. మూడేళ్ళ లోపు పిల్లలకి మొదటి లెవెలే చూడండి. ఇక్కడ మనకి ఇంకో సదుపాయం ఉంది, చాలా కథలు తెలుగులోనూ ఒడియాలోనూ రెండింట్లోనూ ఉంటాయి. నచ్చిన కథ ఒడియాలో కూడా ఉందేమో వెతికి, లాగిన్ అయి రెండూ పీడీఎఫ్ దింపుకోండి. ప్రింటు తీసుకోవడానికి, మన మాటల్లోకి మార్చుకోవడానికి కూడా అనుమతి ఉంది, రాసినవాళ్ళ పేరూ బొమ్మలు వేసినవాళ్ళ పేరూ తీసేయకుండా ఉంచితే చాలు.

నేను చేసే పద్ధతి ఇది. ముందు ఆ కథని ఫోనులోనే రెండుసార్లు చెబుతాను. పిల్లలు మూడోసారి అడిగితేనే ప్రింటు. జెరాక్స్ షాపులో కాస్త దళసరి కాగితం మీద కలర్ ప్రింటు తీయించి, పక్కన మూడు చిల్లులు పెట్టి మందం దారంతో కుట్టేస్తాను, పిన్ను కొట్టించను. తెలుగు లైను కింద ఒడియా లైను కత్తిరించి అతికిస్తాను. బడిలో ఒడియా అక్షరాలు నేర్చుకుంటున్న మా పెద్దమ్మాయి ఆ లైను చదివేది, పైన ఉన్న తెలుగు లైను నేను చదివేదాన్ని. కొన్నాళ్ళకి పైన ఏముందో దానికి ముందే తెలిసిపోయి, తెలుగు అక్షరాలు తనంతట తనే గుర్తుపట్టడం మొదలుపెట్టింది, నేను ఒక్క అక్షరం దిద్దించలేదు.

ఫోనులోనే చూపించేస్తే సరిపోదా అంటారు. మధ్యలో ఫోను మోగుతుంది, వేలు జారి వీడియోకి వెళ్తుంది, ఆపైన కథ లేదు.

ఇంటికి తెచ్చాక వారం రోజులు చూడండి

కొత్త పుస్తకం మొదటిసారి చెప్పగానే నచ్చలేదని తేల్చేయకండి. రెండు మూడు రోజులు గ్యాప్ ఇచ్చి మళ్ళీ తీయండి. ఒకేసారి ఆరు పుస్తకాలు ముందు పోయొద్దు, రెండు చూపించి "ఏది చెప్పమంటావు" అని అడగండి. మధ్యలో లేచిపోతే పోనివ్వండి. "మళ్ళీ" అన్న మాట వస్తే ఎన్నిసార్లయినా చెప్పండి, విసుగొచ్చేది మనకే, వాళ్ళకి కాదు. మూడు వారాలైనా ఒక్కసారీ అడగని పుస్తకాన్ని పక్కింటి పిల్లలతో మార్చుకోండి, వాళ్ళకి నచ్చొచ్చు.

చెప్పేటప్పుడు ఆపి అడుగుతూ ఉండండి. 1988లో అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు కలిసి ఒక పరిశోధన అచ్చువేశారు. రెండు మూడేళ్ళ పిల్లల తల్లిదండ్రుల్లో కొంతమందికి, ఊరికే చదువుకుంటూ పోకుండా పిల్లల్ని ప్రశ్నలడగడం, వాళ్ళ జవాబుని కాస్త పెంచి తిరిగి చెప్పడం నేర్పారు. ఒక్క నెలలోనే ఆ పిల్లల మాటలు మిగతావాళ్ళకంటే ముందుకెళ్ళాయి. మన అమ్మమ్మలు ఊకొట్టించుకుంటూ కథ చెప్పేవారు చూడండి, "ఊఁ" అనకపోతే కథ ఆపేసేవారు, ఇదీ ఇంచుమించు అలాంటిదే. అవునా కాదా అని అడగొద్దు, "ఇప్పుడేం చేస్తుంది", "ఎందుకేడుస్తున్నాడు" అని అడగండి.

మన ఇళ్ళలో ఇక్కడే ఒక చిక్కొస్తుంది. "ఇదేమిటి" అంటే పిల్లవాడు "బిలేయి" అంటాడు. అప్పుడు "ఛీ, తెలుగులో చెప్పు" అనకండి, వాడు చెప్పింది తప్పు కాదు, ఆ పిల్లి ఒడియాలో బిలేయే. "అవును, పిల్లి. పిల్లి ఎక్కడ నక్కింది చెప్పు" అని తెలుగులో ముందుకి తీసుకెళ్ళండి. నేను మొదట్లో రెండుసార్లు కసిరాను, వాడు వారం పాటు ఆ పుస్తకం దగ్గరికి రాలేదు. ఇప్పుడు రెండు మాటలూ ఆటలా చేస్తాం. చేప, మాఛ. ఏనుగు, హాతీ. చందమామ దగ్గరికి వచ్చేసరికి ఒడియాలో కూడా "జహ్నమాము" అంటారు కదా, అంటే అక్కడా ఆయన మేనమామే. "రెండిళ్ళలోనూ మామేనా" అని మా చిన్నోడు ఆశ్చర్యపోయాడు, ఆ పేజీ ఇప్పుడు నలిగి నలిగి మెత్తబడిపోయింది.

పుస్తకాలు ఎక్కడ పెట్టాలి

అలమరాలో తాళం వేసి దాచొద్దు. నేల మీద ప్లాస్టిక్ ట్రేలో, అట్టలు కనిపించేలా, పిల్లల చేతికి అందేలా పెట్టండి. ఒకసారికి ఏడెనిమిది చాలు, నెలకోసారి కొన్ని మార్చండి. వానాకాలం మన వైపు గోడలు చెమ్మగిల్లుతాయి, ట్రేని గోడకి జానెడు ఎడంగా ఉంచి, పుస్తకాల మధ్య ఎండిన వేపాకు వేయండి, ఎండ కాసిన రోజు కాసేపు నీడలో గాలికి ఆరబెట్టండి. చిరిగితే తిట్టొద్దు. సెల్లోటేపు కొన్నాళ్ళకి పసుపెక్కి ఊడిపోతుంది, దానికంటే పల్చటి తెల్ల కాగితం ముక్క, మైదా ఉడికించిన జిగురు మేలు, అందులో చిటికెడు మైలుతుత్తం వేసే పాత అలవాటు మాత్రం వద్దు, అది విషం, ఇవి నోట్లో పెట్టుకునే పిల్లల పుస్తకాలు. జిగురు రాసేటప్పుడు చిరిగిన పేజీ పట్టుకునే పని పిల్లలకే ఇవ్వండి, అతికించినంతసేపూ ఆ పేజీలో కథ ఇంకోసారి చెప్పించుకుంటారు.